పైకి చెబుదామా, వద్దా?

2018 జూన్ 12, మంగళవారం. లోకం కళ్లన్నీ సెంతోసా దీవి మీదున్నాయి. కాపెల్లా హోటల్లో ట్రంప్, కిమ్ జాంగ్ ఉన్ చేతులు కలుపుతున్నారు. ఆ ఒక్క ఫొటో కోసం దేశదేశాల విలేకరులు సింగపూర్‌లో దిగిపోయారు. మీరున్న చోట ఆ హడావుడి లేదు. సింగపూర్ ప్రభుత్వ ఆసుపత్రుల కంప్యూటర్లన్నీ చూసుకునే ఐహెచ్ఐఎస్ అనే సంస్థలో, సర్వర్లు నడిపే అడ్మిన్ల వెనక నిలబడి తెర చూస్తున్నారు. మీకెవరూ కుర్చీ వెయ్యరు. మీరక్కడ ఉన్న సంగతే ఎవరికీ తెలీదు కాబట్టి.

అలా ఎవరికీ కనపడకుండా ఆ నెట్‌వర్క్‌లో తిరుగుతున్న వాడు ఇంకొకడున్నాడు.

తెర మీద లాగిన్ల చిట్టా జారుతోంది. సింగపూర్ జనరల్ హాస్పిటల్‌లో, ఉద్యోగుల్ని అప్లికేషన్‌కి కలిపే సిట్రిక్స్ సర్వర్ల నుంచి ఎవరో రోగుల డేటాబేస్ తలుపు తడుతున్నారు. తెరుచుకోవడం లేదు. మళ్లీ తడుతున్నారు. నిన్న, అంటే 11వ తేదీన, ఇదే జరిగింది. రేపు, 13న, ఇంకోసారి జరుగుతుంది. తడుతున్నది డాక్టరు కాదు, నర్సు కాదు. డాక్టరుకు ఆ తలుపుతో పనే లేదు. తన ముందున్న అప్లికేషన్‌లో రోగి పేరు కొడితే చాలు, వివరాలు వచ్చేస్తాయి. నేరుగా డేటాబేస్‌లోకి వెళ్లాలనుకునేది అడ్మిన్, లేకపోతే దొంగ. మా అడ్మిన్లెవరూ కాదు అని అడ్మిన్లు చెబుతున్నారు.

అంటే మిగిలింది ఎవరో చెప్పక్కర్లేదు. అయినా ఆ గదిలో ఎవరూ కేక వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదన్న దాని మీద తర్వాత ఒక విచారణ సంఘం కూర్చుంది, 37 మంది సాక్షుల్ని పిలిచింది, నాలుగు వందల పేజీలు దాటిన నివేదిక రాసింది.

ఒక్కసారి పది నెలలు వెనక్కి రండి. 2017 ఆగస్టు 23. వాడు లోపలికొచ్చిన ఆనవాళ్లు మొదట కనిపించేది ఈ రోజు దగ్గరే. ఆ ఆసుపత్రి భాగమైన సింగ్‌హెల్త్ అనే ప్రభుత్వ ఆసుపత్రుల సమూహం నెట్‌వర్క్‌లో ఒక మామూలు వర్క్‌స్టేషన్, దాని ముందు ఒక మామూలు ఉద్యోగి. దారి బహుశా ఫిషింగ్ మెయిలే అయి ఉంటుందని సంఘం తేల్చింది. ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకి రోజూ ఎన్ని మెయిల్స్ వస్తాయో మీకు తెలుసు. డ్యూటీ మార్పు, ట్రైనింగ్ లింకు, ఎవరిదో రిటైర్మెంట్ పార్టీ, సంతకం కావలసిన ఫారం. వాటి మధ్యలో ఇదొకటి. వేలు ఆగదు, నొక్కేస్తుంది. తెర ఒక్క క్షణం మెరిసిందేమో, అదీ లేదేమో. ఆ తర్వాత అంతా మామూలే.

ఆ కుర్చీలో మీరుంటే?

నిజంగా చెప్పండి. ముందు ఆ ట్యాబ్ మూసేస్తారు. మెయిల్ డిలీట్ చేస్తారు. పక్కవాళ్లు చూశారేమోనని ఓ చూపు వేస్తారు. యాంటీవైరస్ స్కాన్ పెట్టి, పచ్చ టిక్కు రాగానే హమ్మయ్య అనుకుని టీకి లేస్తారు. ఈ నాలుగింటిలో ఒక్కటీ పనికొచ్చేది కాదు. ట్యాబ్ మూసినా వచ్చి కూర్చున్న ప్రోగ్రాం కదలదు. మెయిల్ డిలీట్ చేస్తే ఐటీ వాళ్లు వెతుక్కోవలసిన మొదటి సాక్ష్యాన్ని మీ చేత్తో మీరే చెరిపేసినట్టు. ఇక పచ్చ టిక్కు సంగతి. యాంటీవైరస్ తనకు తెలిసినవాటినే గుర్తుపడుతుంది. సింగ్‌హెల్త్‌లోకి వచ్చినవాళ్లు తెచ్చుకున్న మాల్‌వేర్‌లో కొంత అచ్చంగా ఆ పని కోసమే తయారు చేసుకున్నది. మామూలు యాంటీవైరస్‌కి చిక్కలేదు.

చెయ్యవలసింది ఇంతే. నెట్‌వర్క్ కేబుల్ పీకెయ్యండి, వైఫై ఆపండి. మెషీన్ మాత్రం ఆపకండి, రీస్టార్ట్ చెయ్యకండి. మెమరీలో నడుస్తున్నదాని జాడలు కరెంటుతో పాటే పోతాయి. కుర్చీలోంచి లేచి హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ కొట్టండి. ఏ మెయిల్, ఎన్నింటికి, లింకు ఒక్కటే నొక్కారా లేక వచ్చిన పేజీలో పాస్‌వర్డ్ కూడా కొట్టారా, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పండి. పాస్‌వర్డ్ కొట్టి ఉంటే ఇంకో మెషీన్ నుంచి మార్చండి, అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడెక్కడ వాడారో అక్కడా మార్చండి. ఆ మెషీన్‌ని వాళ్లు తీసుకెళ్లి మొత్తం తుడిచి కొత్తగా ఎక్కిస్తారు. మీ డెస్క్‌టాప్ మీదున్న ఫొటోలు పోతాయి. పోనివ్వండి.

ఇందులో కష్టమైనది కేబుల్ పీకడం కాదు, ఫోన్ చెయ్యడం. ఆఫీసంటేనే అంత. హైదరాబాద్‌లోనైనా, సింగపూర్‌లోనైనా "పైకి చెబితే మనకే చుట్టుకుంటుంది" అన్న భయం ఒకటే. చదువుకున్నవాళ్లలో ఆ భయం ఇంకాస్త ఎక్కువని నా అనుమానం.

ఆగస్టు దాటింది. వాడు తొందరపడలేదు. కొన్ని నెలలు కదలకుండా ఉన్నాడు, అటక మీద దాక్కుని ఇంట్లోవాళ్లు ఎప్పుడు పడుకుంటారో, తాళాలు ఎక్కడ పెడతారో గమనించే దొంగలాగా. డిసెంబర్ వచ్చేసరికి కదిలాడు. ఒక వర్క్‌స్టేషన్‌లోని ఔట్‌లుక్‌లో ఉన్న లోపాన్ని వాడుకుని, ఇంటర్నెట్‌లో ఎవరికైనా ఉచితంగా దొరికే ఒక హ్యాకింగ్ పనిముట్టును దించాడు. ఆ లోపానికి ప్యాచ్ అప్పటికే వచ్చింది. ఆ మెషీన్‌లో అది పడలేదు, అంతే. తర్వాత ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి, అక్కణ్నుంచి సర్వర్‌కి. దారిలో ఒక లోకల్ అడ్మిన్ అకౌంట్ తగిలింది. దాని పాస్‌వర్డ్ ఏమిటంటే, ఇంగ్లీషులో 'పాస్‌వర్డ్' అన్న మాటే. 'ఏ' అక్షరం ఉండవలసిన చోట 'ఎట్' గుర్తు, 'ఓ' ఉండవలసిన చోట సున్నా. ఒక దేశ ప్రధాని మందుల చీటీకి వెళ్లే దారిలో తలుపుకున్న గొళ్లెం అది. ఇది చదివి నవ్వేవాళ్లు ముందు తమ ఇంటి వైఫై రౌటర్ పాస్‌వర్డ్ గుర్తు తెచ్చుకుని ఆ తర్వాత నవ్వవచ్చు.

ఆ దారి ఎందుకు తెరిచి ఉందన్నదీ తెలుసుకోవాలి. రోగుల డేటాబేస్‌ని అప్పటికే వేరే డేటా సెంటర్‌కి తరలించారు. పాత సిట్రిక్స్ సర్వర్లకీ కొత్త చోటుకీ మధ్య నెట్‌వర్క్ లంకె మాత్రం అలాగే ఉంచారు. ఈ సర్వర్లలో లోపాలున్నాయని అంతర్గత ఆడిట్ ముందే చెప్పింది. కొన్ని సరిదిద్దారు, కొన్ని సరిదిద్దామనుకున్నారు. దానికీ ముందు, 2014లో, అదే సంస్థ ఉద్యోగి ఒకడు రోగుల రికార్డుల సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉందని మెయిల్ రాశాడు. రాసింది తన పైవాళ్లకి కాదు, ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీకి పోటీ అయిన కంపెనీకి. విషయం తిరిగి తిరిగి ఇంటికొచ్చింది, ఉద్యోగం పోయింది. అతన్ని తీసెయ్యడంలో తప్పులేదు. కానీ తీసేశాక, ఇంతకీ వీడు చెప్పిన లోపం నిజమేనా అని గట్టిగా తవ్వినవాళ్లు లేరు. చెప్పినవాణ్ని పంపేస్తే చెప్పిన మాట కూడా వెళ్లిపోతుందనుకున్నారు కాబోలు.

మళ్లీ జూన్ గదిలోకి రండి. 13వ తేదీ. మీరు వెనక నిలబడే ఉన్నారు. సంఘటనల్ని చూసుకునే సెక్యూరిటీ బాధ్యుడికి విషయం చేరింది. అనుమానం ఉన్న మెషీన్‌ని విడదీశారు, పరీక్ష మొదలైంది, చాట్ గ్రూపులో స్క్రీన్‌షాట్లు పడుతున్నాయి. చదువుతుంటే మీ ఒంట్లో వణుకు పుడుతుంది. అందరికీ ఏదో తెలుసు, ఎవరికీ మొత్తం తెలీదు. పై అధికారులకి రిపోర్టు చెయ్యాలి కదా అన్న ప్రశ్న అక్కడే పడి ఉంది. ఆ బాధ్యుడి లెక్క వేరు. దాడి అని రుజువయ్యాకే చెప్పాలని ఆయన నమ్మకం. ఇంకొకటి కూడా ఉందని విచారణలో బయటపడింది. చెప్పాక రాత్రనక పగలనక ఏమైంది, ఎంతవరకు వచ్చింది అని పైనుంచి అందరూ వెంటబడతారని ఆయన జంకు.

ఆ శుక్రవారం హరిరాయ (రంజాన్) సెలవు. పొడుగు వారాంతం.

26వ తేదీన డేటాబేస్ తలుపు దగ్గర మళ్లీ చప్పుడైంది. ఈసారి వాడికి వేరే చోట తాళంచెవి దొరికింది. డేటా సెంటర్‌లోని ఇంకో సర్వర్ నుంచి, బహుశా ఆ సాఫ్ట్‌వేర్ కోడ్‌లోని లోపం వల్లే, డేటాబేస్‌కి పనికొచ్చే లాగిన్ సంపాదించాడు. 27 నుంచి తీరిగ్గా అడగడం మొదలుపెట్టాడు. ఫలానా పేరు, ఫలానా పుట్టిన తేదీ, ఫలానా గుర్తింపు నంబరు. డేటాబేస్‌కి అడిగేవాడెవడో తెలీదు, లాగిన్ సరైనదైతే జవాబిచ్చేస్తుంది. 2015 మే 1 నుంచి సింగ్‌హెల్త్ స్పెషలిస్టు క్లినిక్‌లకూ పాలిక్లినిక్‌లకూ వచ్చిన 15 లక్షల మంది పేర్లు, చిరునామాలు, జాతి, పుట్టిన తేదీలు బయటికి వెళ్లాయి. 1,60,000 మందివి మందుల వివరాలు కూడా. అప్పటి సింగపూర్ జనాభా 56 లక్షలు. ఎమ్మార్టీ రైల్లో మీ ఎదురు సీట్లో నలుగురు కూర్చుంటే అందులో ఒకరి వివరాలు పోయినట్టే. బెడోక్‌లో, టాంపనిస్‌లో, పుంగోల్‌లో పిల్లాడికి జ్వరమొస్తే టోకెన్ తీసుకుని కూర్చున్న తెలుగువాళ్లు అందులో లేకుండా ఉంటారా.

ఒక పేరును మాత్రం వాడు పదే పదే వెతికాడు. లీ సీన్ లూంగ్. అప్పటి ప్రధానమంత్రి.

జూలై 4, బుధవారం. ఈసారి మీరు రోగుల రికార్డుల సాఫ్ట్‌వేర్ చూసుకునే ఒక అడ్మిన్ వెనక ఉన్నారు. ఆ అడ్మిన్ ఇప్పటిదాకా ఈ కథలో లేరు. డేటాబేస్‌లో నడుస్తున్న క్వెరీలు, అంటే దాన్ని అడిగే ప్రశ్నలు, చూస్తున్నారు. ఇక్కడొకటి తేడాగా ఉంది. మామూలు అప్లికేషన్ ఇలా అడగదు, ఇంత అడగదు, ఈ దారిన వచ్చి అడగదు. చూసీ చూడనట్టు వదిలెయ్యవచ్చు. ఎవరో రిపోర్టు తీస్తున్నారేమో అనుకోవచ్చు. ఆ అడ్మిన్ అనుకోలేదు. ఆ క్వెరీని ఆపారు. ఇంకోటి వచ్చింది, అదీ ఆపారు. తోటివాళ్లని పిలిచారు. అలాంటివి మళ్లీ వస్తే వాటంతటవే ఆగిపోయేలా, వచ్చిన ప్రతిదీ చిట్టాలో పడేలా ఏర్పాటు చేశారు. చోరీని ఆపింది ఇదే. తన పని తనకు బాగా తెలిసిన ఒక మనిషి "ఇదేమిటి?" అని అడగడం. నాకు ఈ మొత్తం వ్యవహారంలో గుర్తుండిపోయింది ఆ ప్రశ్నే.

చోరీ ఆగింది. కానీ పైవాళ్లకి కబురు వెళ్లడానికి ఇంకో అయిదు రోజులు పట్టింది. 9న సంస్థ పెద్దలకి, 10న సైబర్ సెక్యూరిటీ ఏజెన్సీకి, ఆరోగ్య శాఖకి. ఆపేశాం కదా, ఇంకా పూర్తిగా తేలలేదు కదా, అందరూ కలిసి కూర్చుని మాట్లాడాక చెబుదాం. ఈ మాటలు ఇంగ్లీషులోనో సింగ్లిష్‌లోనో అనుకుని ఉంటారు. మీ చెవికి మాత్రం అచ్చ తెలుగులోనే వినిపిస్తాయి.

వాడు అప్పటికీ వెళ్లిపోలేదు. జూలై 19న నెట్‌వర్క్‌లో మళ్లీ కదలిక కనిపించింది. ఇక లాభం లేదని 20వ తేదీన సింగ్‌హెల్త్ పని కంప్యూటర్లకి ఇంటర్నెట్ కోసేశారు. మిగతా ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ రెండు మూడు రోజుల్లో అదే జరిగింది. సింగపూర్ ప్రభుత్వ కార్యాలయాల్లో ఈ కోత ఏడాది ముందే అమలైంది. డాక్టర్లకి ఇంటర్నెట్ అడుగడుగునా కావాలని ఆసుపత్రులను వదిలేశారు. ఇప్పుడు డాక్టరు ఒక మందు గురించి వెతకాలంటే ఇంకో మెషీన్ దగ్గరకి లేచి వెళ్లాలి. మీరు క్లినిక్‌లో లైన్లో ఉంటే నంబరు బోర్డు కదలట్లేదేమిటని విసుక్కుంటారు. మీ ముందున్న పెద్దాయనా విసుక్కుంటాడు.

అదే రోజు, శుక్రవారం సాయంత్రం, టీవీలో ఆరోగ్య మంత్రి గాన్ కిమ్ యోంగ్, కమ్యూనికేషన్ల మంత్రి ఎస్. ఈశ్వరన్. ఇది సరదా హ్యాకర్ల పని కాదనీ, పథకం ప్రకారం గురిపెట్టి చేసిందనీ అధికారులు చెబుతున్నారు. లీ ఫేస్‌బుక్‌లో రాశారు. తన మందుల వివరాలు ఊరికే అందరికీ చెప్పుకునేవి కాకపోయినా, అందులో కంగారుపడాల్సినదేమీ లేదని దాని సారాంశం.

ఇప్పుడు సెంకాంగ్‌లో ఒక హెచ్‌డీబీ (ప్రభుత్వ గృహ సంస్థ) ఫ్లాట్ హాల్లోకి రండి. ఇలాంటి హాళ్లు ఆ వారం ఎన్నో. అత్తగారి ఫోన్ మోగింది. సింగ్‌హెల్త్ నుంచి ఎస్ఎంఎస్. మీ వివరాలు చూశారు, మీ వైద్య రికార్డులు మార్చలేదు, మీరేమీ చెయ్యనక్కర్లేదు.

"అమ్మాయ్, ఇది నిజం మెసేజేనంటావా? నొక్కనా?"

"ఏమీ నొక్కకండి అత్తయ్యా. ఆయన్ని రానివ్వండి, వెబ్‌సైట్‌లో చూస్తారు."

కోడలి జాగ్రత్త వృథా కాదు. ఆ రోజుల్లోనే నకిలీ ఎస్ఎంఎస్‌లు కూడా తిరిగాయి, మీ ఫోన్ నంబరు, డబ్బు వివరాలు కూడా పోయాయని బెదిరిస్తూ. ఫిషింగ్‌తో వచ్చిన దొంగతనం గురించి చెప్పే మెసేజీ ఫిషింగేమోనని జనం జంకారు. మూడేళ్ల తర్వాత, 2021 డిసెంబర్‌లో, ఓసీబీసీ బ్యాంకు పేరుతో వచ్చిన ఎస్ఎంఎస్‌లు నొక్కి 790 మంది 1.37 కోట్ల సింగపూర్ డాలర్లు పోగొట్టుకున్నారు. ఆ తర్వాతే బ్యాంకులు ఖాతాదారులకి పంపే మెయిల్స్‌లో, ఎస్ఎంఎస్‌లలో నొక్కే లింకులు పెట్టకూడదన్న నియమం వచ్చింది. మీరు సింగపూర్‌లో ఉండి అలాంటిదేదో నొక్కేసి ఉంటే ముందు బ్యాంకుకి ఫోన్ చేసి ఖాతా స్తంభింపజేయండి. ఫోన్లో తెలియని యాప్ దించుకుని ఉంటే ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఇంకో ఫోన్ నుంచి ఆ పని చెయ్యండి. అనుమానం తీరకపోతే 1799కి అడగండి. ఆ నంబరు అందుకే పెట్టారు.

సెప్టెంబర్‌లో బహిరంగ విచారణ మొదలైంది. మాజీ ప్రధాన జిల్లా న్యాయమూర్తి రిచర్డ్ మాగ్నస్ అధ్యక్షుడు. సాక్షులు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. చాట్ గ్రూపులో రాసుకున్న మాటలు అందరిముందూ చదివి వినిపించారు. ఆఫీసు చాట్‌లో విసుగ్గా కొట్టిన ఒక వాక్యం ఏడాది తిరక్కుండా దేశం ముందు వినపడుతుందని ఎవరనుకుంటారు? మీకు అక్కడ కూర్చోబుద్ధి కాదు, లేవబుద్ధీ కాదు.

2019 జనవరి 10న నివేదిక బయటికొచ్చింది, 16 సిఫార్సులతో. దాడి చేసినవాళ్లు నేర్పరులే గానీ ఆపలేనంతవాళ్లు కాదని అందులో తేల్చారు. వాళ్లెవరో తెలుసనీ, దేశ ప్రయోజనాల రీత్యా పేరు చెప్పబోమనీ ఈశ్వరన్ పార్లమెంటులో చెప్పారు. ఆ మార్చిలో సిమాంటెక్ అనే భద్రతా సంస్థ ఈ పని 'వైట్‌ఫ్లై' అని తాము పిలిచే ముఠాదని రాసింది. ప్రభుత్వం మాత్రం నోరు విప్పలేదు. ఇక జరిమానా సంగతి. అదే ఏడాది జనవరి 15న ఐహెచ్ఐఎస్‌కి 7,50,000, సింగ్‌హెల్త్‌కి 2,50,000 సింగపూర్ డాలర్లు పడింది.

అంతకు ఒకరోజు ముందు, జనవరి 14న, ఐహెచ్ఐఎస్ తన లోపలి లెక్క తేల్చింది. సిట్రిక్స్ బృందం నాయకుణ్నీ, సంఘటనలు చూసుకునే ఆ సెక్యూరిటీ బాధ్యుణ్నీ ఉద్యోగంలోంచి తీసేశారు. ఇంకో అధికారిని కింది హోదాకి దించారు. ముఖ్య కార్యనిర్వహణాధికారితో సహా పై వరుసలో అయిదుగురికి ఆర్థిక జరిమానా. తీసేసిన నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. పట్టించుకోవలసిన మనిషి పట్టించుకోలేదు. కానీ ఆ వార్త చదివిన ఇంకో ఆఫీసులోని ఇంకో అడ్మిన్ దేన్ని గుర్తు పెట్టుకుంటాడు? చెప్పనందుకు ఉద్యోగం పోయిందనా, మొత్తానికి ఉద్యోగం పోయిందనా? పేపర్లు ఆ రెండు ఉద్వాసనల్నే పెద్దక్షరాల్లో వేశాయి. అదే ప్రకటనలో కింద ఇంకో వాక్యం ఉంది. తమ పని దాటి చొరవ చూపినందుకు ముగ్గురు ఉద్యోగులకి ప్రశంసా లేఖలు ఇచ్చారు.